చొంగ కార్చే ప్రతి కుక్కా పిచ్చిది కాదు

నరసరావుపేట: చేలో కావలి కాసే కుక్క సాయంత్రానికి చొంగ కారుస్తూ, తూలుతూ ఇల్లు చేరితే ఊళ్లో ముందు వినిపించే మాట "పిచ్చెక్కింది" అనే. ఆ వెనుకే కర్రలు లేస్తాయి. పత్తి, మిరప చేలకు మందు కొట్టే రోజుల్లో మాత్రం అది పురుగుమందు విషం కూడా కావచ్చు. సకాలంలో వైద్యం అందితే ఆ కుక్క బతికే అవకాశం ఉంది.

రైతులకు తెలిసిన క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ మందులు ఆర్గానోఫాస్ఫేట్ తరగతివి. మందు కలిపిన బకెట్టులో నీళ్లు తాగినా, పారేసిన డబ్బా నాకినా, ఒంటిపై పడిన మందును నాకినా కుక్కకు విషం ఎక్కుతుంది.

గుండె కొట్టుకోవడం, తిన్నది అరగడం, చొంగ ఊరడం, కంటిపాప ముడుచుకోవడం వంటి పనులు మన ప్రమేయం లేకుండానే నడుస్తాయి. వీటిని నడిపే నరాలను స్వయంచాలిత నాడీ వ్యవస్థ అంటారు. నరం పంపిన కబురు అందగానే దాన్ని చెరిపేసే ఎంజైము ఒకటి ఒంట్లో ఉంటుంది. ఈ విషం ఆ ఎంజైమును పనిచేయనివ్వదు. దాంతో కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. చొంగ, కన్నీరు, వాంతులు, విరేచనాలు ఒక్కసారిగా మొదలవుతాయి. కంటిపాపలు ఆవగింజంత అవుతాయి. కండరాలు అదురుతాయి. చివరకు ఊపిరి ఆడదు.

విషం లక్షణాలు సాధారణంగా నిమిషాల నుంచి గంటలలోనే కనిపిస్తాయి. పిచ్చి వ్యాధి రోజుల తరబడి ముదురుతుంది. అయినా కంటితో చూసి తేల్చుకోరాదు. నోట్లో చేయి పెట్టరాదు. కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

చింతపండు పులుసు, ఉప్పునీళ్లు గొంతులో పోయరాదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. కుక్కను తాడుతో కట్టి, మందు డబ్బా పేరు చూసుకుని పశువైద్యశాలకు కబురు చేయాలి. 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. ఒంటిపై మందు పడి ఉంటే, కరవకుండా జాగ్రత్తపడి, చేతులకు తొడుగులు వేసుకుని సబ్బుతో కడగాలి. ఈ విషానికి విరుగుడు అట్రోపిన్. మోతాదు వైద్యుడే నిర్ణయించాలి.

పంపు వీపున వేసుకునే రైతుకూ, కూలీకీ పొంచి ఉన్నది ఇదే విషం. మందు కలిపిన బకెట్టు, ఖాళీ డబ్బా చేలో వదలకుంటే కుక్కకే కాదు, ఇంటికీ మేలు.