పండు ఈగను చంపే ఎర్ర రంగు – మన రైతు తెలుసుకోవలసింది

మామిడి రైతులకు పండు ఈగ కొత్త కాదు. కాయ పైకి నిగనిగలాడుతుంది, కోస్తే లోపలంతా తెల్లని పురుగులు. తల్లి ఈగ తొక్కకు సన్నని రంధ్రం చేసి గుడ్లు పెడుతుంది. పురుగు లోపలికి చేరాక పైన ఏ మందు కొట్టినా దండగే. కాబట్టి గుడ్లు పెట్టకముందే ఈగను చంపాలి.

రెక్కలొచ్చిన వెంటనే ఆడ ఈగ గుడ్లు పెట్టలేదు. వారం పది రోజులు మాంసకృత్తులు, తీపి తిని బలం పుంజుకోవాలి. ఈ ఆకలిని ఆసరా చేసుకొని అమెరికా శాస్త్రజ్ఞులు 1990లలో హవాయి దీవుల్లోను, మరికొన్ని చోట్ల ఒక కొత్త ఎరను పరీక్షించారు. మలాథియాన్‌కు బదులు అందులో ఫ్లాక్సిన్-బి అనే ఎర్ర రంగు కలిపారు. మందు బిళ్లలకు, సౌందర్య సాధనాలకు వేసే రంగే ఇది.

ఇది ఎలా పనిచేస్తుంది? ఎర తిన్న ఈగ కడుపులోకి రంగు చేరుతుంది. ఈగ వెలుతురులోకి వస్తే ఆ రంగు కాంతిని పీల్చుకొని, ఆ శక్తిని ప్రాణవాయువుకు అందిస్తుంది. అలా చురుకెక్కిన ప్రాణవాయువు కడుపులోని కణాలను దెబ్బతీసి ఈగను చంపుతుంది. చీకట్లో ఈ రంగు అంతగా పనిచేయదు. ఈగ దాన్ని తినాలి, పైన పడితే చాలదు. 2000 తర్వాత అక్కడ స్పైనోసాడ్ కలిపిన ఎరలు దీని స్థానాన్ని ఆక్రమించాయి.

మన దేశంలో మామిడికి సిఫారసు చేసిన మందుల్లో ఈ రంగు లేదు. కనుక బట్టల రంగో, మిఠాయి రంగో బెల్లం నీళ్లలో కలిపి చల్లకండి. ఈగ చావదు సరికదా, కాయకు మరకలు పడి ధర పోతుంది.

మనం చేయగలిగింది ఇది:

1. రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి, రెండడుగుల లోతు గోతిలో పూడ్చాలి. వదిలేస్తే పురుగులు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగలై లేస్తాయి.

2. చెట్ల కింద మట్టిని తిరగేస్తే నిద్రావస్థలో ఉన్న పురుగులు ఎండకు, పక్షులకు చిక్కుతాయి.

3. కోతకు నెలన్నర ముందే మిథైల్ యూజినాల్ బుట్టలు కట్టాలి. వీటిలో మగ ఈగలే పడతాయి. మగవి తగ్గితే ఆడవాటికి జత దొరకదు.

4. కాయ పక్వానికి రాగానే కోయాలి. చెట్టుమీదే పండనిస్తే ఈగను పిలిచినట్టే.

మీరొక్కరే చేస్తే పక్క తోట ఈగలు మీ తోటకు వస్తాయి. అరెకరం ఉన్నా, పదెకరాలు ఉన్నా ఇరుగుపొరుగు రైతులంతా ఒకేసారి పూనుకుంటేనే ఫలితం దక్కుతుంది.