బొంత కవచం

జానపద సినిమాలో చురుకైన వీరుడికి కవచం ఉండదు. ఛాతీకి అడ్డంగా ఓ తోలు పట్టీ, అంతే. ఇనుము తొడిగితే గంతులు వేయలేడని దర్శకుడి లెక్క కాబోలు. మధ్యయుగపు యూరప్‌లో నిజంగా పోరాడిన కాలిబంటుకు అంత తెగింపు లేదు. ఇనుము కొనే స్తోమత లేకపోతే బట్టనే కవచం చేసుకున్నాడు.

దాని పేరు గాంబెసన్. అవిసె నార బట్టను పొర మీద పొరగా పేర్చి, లేదా రెండు పొరల నడుమ ఉన్నీ చింకిపాతలూ కూరి, దగ్గర దగ్గరగా టాకాలు వేసిన మందపాటి అంగీ. అచ్చంగా బొంతే. 1181లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ, ఎవరి ఆస్తిని బట్టి వాళ్లు ఏ ఆయుధాలు ఉంచుకోవాలో శాసించాడు. కలవాళ్లకు గొలుసు కవచం. సామాన్య స్వతంత్రులకు బొంత అంగీ, ఇనుప టోపీ, ఈటె. పేదవాడైనా సరే, ఒట్టి ఒంటితో యుద్ధానికి రావడానికి వీల్లేదు.

బాణం మొన ఒక పొరను తెంపేలోగా కింది పొరలు సాగి, అణిగి, దాని వేగాన్ని తినేస్తాయి. కత్తివేటు కూడా అలాగే మొద్దుబారుతుంది. కలవాళ్లు గొలుసు కవచం కింద కూడా దీన్నే తొడిగేవారు. ఇనుప కడియాలు కోతను ఆపినా, దెబ్బ అదురుకు ఎముక విరగొచ్చు కదా! 1191లో, క్రూసేడు యుద్ధాల్లో, సుల్తాను సలాదీన్ వెంట ఉన్న చరిత్రకారుడు బహాఉద్దీన్ ఓ వింత రాశాడు. ఉన్ని ఫెల్టూ గొలుసు కవచమూ తొడిగిన క్రూసేడు బంట్లు, వీపున పది దాకా బాణాలు గుచ్చుకున్నా మామూలుగా నడిచిపోయారట.

లోపాలూ తక్కువేమీ కాదు. ఎండలో ఉడికిస్తుంది, వానకు నాని బరువెక్కుతుంది. అయినా మెక్సికోలో అజ్టెక్‌లు ఇలాంటి పత్తి అంగీలే తొడిగారు. వాళ్ల మీదికి వెళ్లిన స్పెయిన్ సైనికులు చాలామంది వాటికే మారారు.

తుపాకులొచ్చాక బట్ట పని అయిపోవాలి. కానీ 1866లో ఫ్రెంచి దాడి చూసిన కొరియా, 30 పొరల నూలు బట్టతో తూటాలను ఆపే చొక్కా కుట్టించింది. 1871లో అమెరికన్లతో పోరులో దాన్ని తొడిగిన సైనికులు వేసవి ఉక్కకు అల్లాడారు. ఫిరంగి దెబ్బలకు చొక్కాలు అంటుకున్నాయి కూడా.

1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన కెవ్లార్ పోగుతో తూటాలను ఆపే చొక్కాలకు పాత ఉపాయమే మళ్లీ పనికొచ్చింది: బట్ట, పొర మీద పొర. సన్నని కత్తిమొన మాత్రం ఆ నేత సందుల్లోంచి దూరిపోగలదు. అందుకే కత్తిపోట్లకు వేరే చొక్కాలు చేస్తారు. వాటిలో కొన్నింటికి లోపల గొలుసు వల ఉంటుంది.