చిట్టా లేని రోజుల నుంచి చిట్టా దాకా: ఎఫ్‌ఎస్‌సీకే కథ

గ్రేటర్ నోయిడాలో ఎత్తైన అపార్ట్‌మెంట్లవాళ్లు కరెంటు పోయినా పెద్దగా పట్టించుకోరు. కొన్ని సెకన్లలో కింద జనరేటర్ అందుకుంటుంది, ఫ్యాను మళ్లీ తిరుగుతుంది. యూపీఎస్ లేని లైనక్స్ కంప్యూటర్‌కు మాత్రం ఆ కొన్ని సెకన్లే గండం. మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి లాగిన్ తెర రాదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ’ అన్న వాక్యం, దాని కింద ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని బ్రాకెట్లలో ఉన్న ప్రాంప్ట్, మినుకుమినుకుమనే కర్సర్. ఆ ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రాం వయసు లైనక్స్ కంటే ఎక్కువ.

ఆ ‘ఇన్‌కన్సిస్టెన్సీ’ ఎలా వస్తుందంటే, ఉన్న ఫైలుకి ఒక పేరా కలిపామనుకోండి. డిస్కు మీద కనీసం మూడు చోట్ల రాత పడాలి. అక్షరాలు ఒక బ్లాకులోకి వెళ్తాయి. ఆ బ్లాకు ఇప్పుడు ఖాళీగా లేదని బిట్‌మ్యాప్‌లో గుర్తు పడాలి. ఫలానా ఫైలుకి ఫలానా బ్లాకు చెందుతుందని ఐనోడ్‌లో నమోదు కావాలి. డిస్కు ఈ మూడూ ఒకేసారి రాయలేదు. బిట్‌మ్యాప్‌లో గుర్తు పడి, ఐనోడ్‌లో నమోదు కాకముందే కరెంటు పోతే ఎవరిదీ కాని బ్లాకు ఒకటి మిగులుతుంది. వరస తిరగబడితే ఇంకా ప్రమాదం. ఐనోడ్ తనదనుకుంటున్న బ్లాకును బిట్‌మ్యాప్ ఖాళీ అంటుంది, రేపు ఇంకో ఫైలు వచ్చి అక్కడే కూర్చుంటుంది.

తొలి యూనిక్స్‌లో ఈ చిక్కులు విప్పడానికి ఐచెక్, డీచెక్ అని వేరువేరు పనిముట్లుండేవి. అవి తప్పు చూపిస్తే, ఫైల్ సిస్టమ్ లోపలి కట్టుబడి ఎరిగిన మనిషి కూర్చుని చేత్తో సరిదిద్దేవాడు. ఆ మనిషి సెలవులో ఉంటే అంతే సంగతులు! 1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన టెడ్ కొవాల్‌స్కీ ఈ పనులన్నీ ఒక్క ప్రోగ్రాంలోకి తెచ్చి ఎఫ్‌ఎస్‌సీకే రాశాడు. తర్వాత బర్క్‌లీలో కిర్క్ మెక్‌క్యూసిక్ దాన్ని తమ కొత్త ఫైల్ సిస్టమ్‌కు తగ్గట్టు మార్చాడు. దాని పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు. లైనక్స్‌లో వాడే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే అయిదు విడతల్లో పని చేస్తుంది: ముందు ఐనోడ్లు, తర్వాత డైరెక్టరీలు, వాటి మధ్య లంకెలు, ఒక్కో ఫైలుకి ఎన్ని పేర్లున్నాయన్న లెక్క, చివరికి బిట్‌మ్యాప్. ఏ డైరెక్టరీకీ చెందని ఫైలు దొరికితే ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అనే ఫోల్డరులో పడేస్తుంది. పేరు ఎలాగూ తెలియదు కాబట్టి ఐనోడ్ సంఖ్యే పేరు.

లైనక్స్ చరిత్రలోనే ఒక డిస్కు ప్రమాదం ఉంది. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ మోడెమ్‌కు పంపాల్సిన డయలింగ్ ఆదేశాన్ని పొరపాటున హార్డ్ డిస్కుకి పంపాడు. అప్పటిదాకా వాడుతున్న మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న విభాగం చెడిపోయింది. మళ్లీ మినిక్స్ ఎక్కించుకోకుండా తను రాస్తున్న లైనక్స్‌కే పూర్తిగా మారిపోయాడు. 1993లో రెమీ కార్డ్ లైనక్స్‌కు ఎక్స్‌ట్2 ఫైల్ సిస్టమ్ తెచ్చాడు. డిస్కులు పెరిగేకొద్దీ దాన్ని మొత్తం తనిఖీ చేయడం గంటల పని అయింది.

దీనికి దొరికిన మందు మన కిరాణా కొట్టువాళ్లకు ఎప్పుడో తెలుసు. బేరం జరగగానే ముందు చిట్టాలో రాసి, తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తారు. మధ్యలో పని ఆగినా చిట్టా చూసి మిగతాది పూర్తి చేయొచ్చు. ఫైల్ సిస్టమ్‌లో ఆ చిట్టా పేరు జర్నల్. ఎక్స్‌ట్2కి దాన్ని ఎలా చేర్చాలో స్టీఫెన్ ట్వీడీ 1998లో ఒక పత్రంలో వివరించాడు. 2001 నవంబరులో ఎక్స్‌ట్3 అన్న పేరుతో అది లైనక్స్ 2.4.15లో చేరింది, 2008 చివర్లో దాని వారసుడు ఎక్స్‌ట్4 వచ్చాడు. గంటలు పట్టే తనిఖీ సెకన్లకు దిగింది.

అయితే మామూలుగా ఈ జర్నల్‌లోకి వెళ్లేది ఐనోడ్, బిట్‌మ్యాప్ లాంటి మెటాడేటా మాత్రమే, ఫైలులోని అక్షరాలు కావు. ఎక్స్‌ట్4 వచ్చిన కొత్తలో, 2009లో, కంప్యూటర్ హఠాత్తుగా ఆగాక కొందరి సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో కనిపించాయి. ఫైల్ సిస్టమ్ లెక్క ప్రకారం అంతా సవ్యమే! తర్వాత కెర్నల్‌లో మార్పులు చేసి ఆ బెడద తగ్గించారు. ఎఫ్‌ఎస్‌సీకే కూడా అంతే. లెక్క పొంతన కుదరడమే దానికి కావాలి. ఆ పొంతన కోసం మీ ఫైలునే తీసేయాల్సి వస్తే తీసేస్తుంది.

గ్రేటర్ నోయిడా నాలెడ్జ్ పార్క్-5లో 2022 అక్టోబరు 31న యోట్టా సంస్థ డేటా సెంటర్ ప్రారంభమైంది. 5,000 ర్యాకులు, 28.8 మెగావాట్ల సామర్థ్యం. అంత పెద్ద కేంద్రాల్లో డిస్కు పోవడం మామూలు సంగతి. ఒకటి పోతే ఇంకోచోట ప్రతి ఉంటుంది, చెడినదాన్ని ఊడదీసి కొత్తది పెడతారు. మన ఇళ్లలో ఉండేది ఒకే డిస్కు. అందుకే తెర చెప్పగానే ఎఫ్‌ఎస్‌సీకేకి ‘వై’ తగిలించి అన్నిటికీ సరేననడం నాకు నచ్చదు. చెదిరింది లెక్కా, చెడింది డిస్కా అన్నది ముందు తేలాలి. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజినీర్లు 2007లో ఒక పత్రం వెలువరించారు. తొలి స్కాన్ దోషం కనబడ్డ డిస్కు 60 రోజుల్లో పోయే అవకాశం, దోషం లేనిదాని కంటే 39 రెట్లు ఎక్కువని తేల్చారు. పాడైన డిస్కుల్లో సగానికి పైగా డిస్కు తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ సంకేతాల్లో ముఖ్యమైన నాలుగింటిలో ఒక్కటీ చూపలేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి స్మార్ట్ రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండటానికి లేదు.

పెన్ డ్రైవ్‌లోంచి లైవ్ ఉబుంటూ తెరిచి, ఆ స్మార్ట్ రిపోర్టు చూపించే స్మార్ట్‌సీటీఎల్‌తో ‘కరెంట్ పెండింగ్ సెక్టార్’ వరస చూడాలి. అక్కడ సున్నా కాకుండా ఏదైనా ఉంటే, కర్ర్ కర్ర్ మని చప్పుడొస్తుంటే మరీనూ, మరమ్మతు ఆపి డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి దించుకోవాలి. ఎఫ్‌ఎస్‌సీకే ఆ ప్రతి మీద నడపాలి, అదీ మౌంట్ చేయకుండా. ఫైల్ సిస్టమ్ మూల వివరాలుండే సూపర్‌బ్లాకే చదవలేనంటే బెంగ అక్కర్లేదు. ఎక్స్‌ట్4 దాని నకళ్లు దాచి ఉంచుతుంది. బ్లాకు సైజు 4 కేబీ అయితే మొదటి నకలు 32768వ బ్లాకులో ఉంటుంది.

ఇంతా చేసి, కొన్నిసార్లు డిస్కు నిక్షేపంలా ఉంటుంది. చెడిన రెండో డిస్కును ఊడదీసి, బూట్‌లో ఏయే డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో దాని వరసను అలాగే వదిలేసి ఉంటారు. బూట్ పనులు నడిపే సిస్టమ్‌డీ ఆ లేని డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. ఆ వరస ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే చాలు.