పైథాన్ పరీక్షకు ముందు ఈ నాలుగూ చూసుకోండి

డ్యూటీ దిగాక రూములో పైథాన్ నేర్చుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పరీక్ష ముందురోజు కొత్త పాఠం మొదలుపెట్టకండి. మార్కులు పోయేది పాత పాఠాల్లోనే.

1. ఇన్‌పుట్‌లో ఏమిచ్చినా పైథాన్ అక్షరాలుగానే తీసుకుంటుంది. నిన్నటి ఓటీ 2 గంటలు, ఇవాళ్టివి 3 ఇచ్చి కూడితే 5 రాదు, 23 వస్తుంది. ముందు 'ఇంట్'తో అంకెగా మార్చాలి. అరగంటలు కూడా ఉంటే 'ఫ్లోట్' వాడాలి.

2. ఒక ఈక్వల్ గుర్తు పెడితే విలువ ఇచ్చినట్టు. రెండు పెడితే సమానమా అని అడిగినట్టు.

3. రేంజ్‌లో 1, 31 అని రాస్తే 30 దగ్గరే ఆగుతుంది. 31వ రోజు కూలి లెక్కలోకి రాదు. 32 అని రాయాలి.

4. ఇఫ్, ఫర్ లైను చివర కోలన్ పెట్టాలి. కింది లైను లోపలికి జరపాలి.

ఊరికే చదివితే చాలదు. జవాబు ముందు కాగితం మీద రాసుకోండి, తర్వాతే రన్ చేసి చూడండి.