ఖరగ్‌పూర్ నుంచి విశాఖ ఎంత దూరం?

"టీచర్, విమానంలో విశాఖకు గంటన్నరేనట! మరి మనం రైల్లో రాత్రంతా ఎందుకు కూర్చోవాలి?" అని మొన్న ఆరో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు. బదిలీల మీద ఊళ్లు తిరిగే మన ఇళ్లలో ఇది పనికొచ్చే ప్రశ్నే.

ముందు దూరం చూద్దాం. అట్లాసు తీయండి. కోల్‌కతా విమానాశ్రయానికీ విశాఖకూ అక్షాంశాల్లో తేడా సుమారు 4.9 డిగ్రీలు, రేఖాంశాల్లో 5.2. మన ప్రాంతంలో అక్షాంశ డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు, రేఖాంశ డిగ్రీ అంటే 104. పెద్ద తరగతుల వాళ్లు పైథాగరస్ సూత్రం వేస్తే 767 వస్తుంది. విమానం వెళ్లే దారి సుమారుగా ఇదే.

హౌరా నుంచి విశాఖకు రైలు దారి మాత్రం 880 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పట్టాలు నేల చెప్పినట్టు వినాలి. కటక్ దగ్గర మహానదిని దాటాలి, చిలకా సరస్సు అంచున సాగాలి, తూర్పు కనుమలకూ సముద్రానికీ నడుమ దొరికిన చోటులోంచి దూరిపోవాలి.

ఇక సమయం. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో 767 కిలోమీటర్లంటే గంట కూడా పట్టదు. మరి టికెట్టు మీద గంటన్నర ఎందుకు? విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు, అవతల ఆగేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా మెల్లగా నడవడం, వంతు కోసం ఆగడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోవే. ఆ పూర్తి వేగం మధ్యలో కాసేపే.

అసలు చిక్కు మన ఊరిది. పక్కనే కలైకుండలో రన్‌వే ఉంది గానీ అది వాయుసేనది. విశాఖ నైరుతి దిక్కున ఉంటే, విమానం కోసం మనం ఈశాన్యంగా 116 కిలోమీటర్లు హౌరా వెళ్లాలి. దానికి రెండు గంటలు, అక్కడి నుంచి దమ్‌దమ్‌కు గంట, రెండు గంటల ముందు హాజరు, ప్రయాణం గంటన్నర, సామాను తీసుకుని బయటపడేసరికి అరగంట. మొత్తం ఏడు గంటలు! రైలుకు పదకొండు, పన్నెండు. అంటే లాభం నాలుగైదు గంటలే.

రెండేళ్ల కిందట మా నాన్నగారికి బాగాలేదని మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆ రోజు విమానానికి అందుకునే వీలు లేదు. సాయంత్రం కోరమండల్ ఎక్కి, తెల్లవారకముందే విశాఖలో దిగాను. ఆసుపత్రిలో ఆయన మెలకువగానే ఉన్నారు. మర్నాటి విమానమైతే మధ్యాహ్నమయ్యేది.

మీ తాతగారిది పలాసో, ఆమదాలవలసో అయితే లెక్క ఇంకా మారుతుంది. విమానం మీ ఊరు దాటించి విశాఖలో దింపుతుంది, మళ్లీ వెనక్కి రావాలి. అక్కడ ఆగే రైలెక్కితే నేరుగా దిగిపోవచ్చు.

విశాఖ దాటి వెళ్లేవాళ్లు ఒకటి గమనించండి. అక్కడ ఇంజను అవతలి చివర తగిలిస్తారు. అంతవరకూ ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్లు అక్కణ్నించి వెనక్కి ప్రయాణిస్తారు. కిటికీ సీటు కోసం తమ్ముడితో పోట్లాడే ముందు ఇది గుర్తుంచుకోండి.