అగ్గిపెట్టెల ఊరు

పిల్లలూ! మీ వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే చూశారా? ఇసుక ఒకచోట పోయిస్తారు. తీరా చూస్తే పునాది తవ్వాల్సింది అక్కడే! ఇసుకంతా మళ్ళీ పక్కకు ఎత్తిపోయాలి. ఒక్క ఇంటికే ఇంత తంటా అయితే, ఒకేసారి పాతిక ఇళ్ళు కట్టేచోట?

అనకాపల్లి జిల్లా నాతవరంలో అలాంటి కాలనీ ఒకటి కట్టాలనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ళ స్థలాల పంపిణీలో పల్లెల్లో కుటుంబానికి ఒకటిన్నర సెంటు కేటాయించారు. అంటే సుమారు 72 చదరపు గజాలు. ఇంత చిన్న స్థలాలు పక్కపక్కనే ఉంటే ప్రతి అడుగూ లెక్కే. ఇసుకనైతే జరపవచ్చు, కట్టిన ఇంటిని జరపలేం కదా!

అందుకే కాలనీని ముందు కంప్యూటరులో కట్టి చూడవచ్చు. భవనాన్ని ఉత్త గీతలుగా కాక, విడివిడి భాగాల కూర్పుగా కంప్యూటరులో నిలిపే పద్ధతిని 1975లోనే చార్లెస్ ఈస్ట్‌మన్ అనే అమెరికా ఆచార్యుడు వివరించాడు. మన పనికి అన్ని భాగాలూ అక్కరలేదు. తలుపులు, కిటికీలు, రంగులు వదిలేద్దాం. ఒక్కో ఇల్లు ఒక్కో పెట్టె. పొడవు, వెడల్పు, ఎత్తు చాలు.

ఈ పెట్టెలు ఏం చెబుతాయి?

మొదటిది నీడ. నాతవరం సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 22న మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ దక్షిణ దిక్కున 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 10 అడుగుల ఎత్తున్న ఇంటి నీడ ఉత్తరానికి దాదాపు 9 అడుగులు పడుతుంది. మరి జూన్ 21న? ఒక్క అడుగే, అదీ దక్షిణానికి! ఆ రోజు సూర్యుడు నాతవరం నడినెత్తిని దాటి, ఇంకా ఉత్తరాన కర్కట రేఖకు నేరుగా ఉంటాడు మరి.

రెండోది వరస. రోడ్డు పక్క ఇళ్ళు ముందే లేపితే, వెనక ఇళ్ళకు ఇటుకల లారీ ఎలా వెళుతుంది? పెట్టెలు ఒక్కొక్కటే పెడుతూ పోతే, దారి ఎప్పుడు మూసుకుపోతుందో కనబడుతుంది.

కాని ఒక జాగ్రత్త! కిటికీలు వదిలేస్తే నీడ లెక్క మారదు. నేల వాలు వదిలేస్తే మాత్రం ముప్పే. బొమ్మలో నేల చదునుగానే ఉంటుంది. అసలు చోట పల్లం ఉంటే వాన నీరంతా చివరి ఇంట్లోకి చేరుతుంది. మనం చెప్పని పల్లం కంప్యూటరుకు తెలియదు. అందుకే ముందు స్థలానికి వెళ్ళి మెరక పల్లాలు కొలవాలి.

మీరూ చేసి చూడండి. నేల మీద సుద్దతో స్థలం, ఒకే ఒక దారి గీయండి. పది అగ్గిపెట్టెలు ఇళ్ళు, ఒక చిన్న బొమ్మ లారీ. ప్రతి ఇంటికీ లారీ చేరాలి. ఏ ఇల్లు ముందు కట్టాలి? ఏది చివర?