మనుషుల్ని సరుకుగా రాసిన లెక్కలు

మన సాంఘికశాస్త్రంలో "బానిస వ్యాపారం" అనే మాట వస్తుంది. పరీక్షలో ఆ రెండు మాటలు రాస్తే మార్కు వేస్తారు. కానీ ఒక మనిషిని కొని అమ్మాలంటే ముందు "వీళ్లు మనుషులు కాదు" అని అందరినీ నమ్మించాలి. ఆఫ్రికా వాళ్ల విషయంలో అది ఎలా చేశారో చూద్దాం.

ఎలా తీసుకెళ్లారు?

16వ శతాబ్దం నుండి 19వ శతాబ్దం దాకా పోర్చుగల్, బ్రిటన్, ఫ్రాన్స్ లాంటి దేశాల వ్యాపారులు ఆఫ్రికా నుండి సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఓడలెక్కించారు. అందులో సుమారు 18 లక్షల మంది సముద్రం మీదే చనిపోయారు. యుద్ధాల్లో పట్టుబడినవాళ్లని, ఊళ్ల నుండి ఎత్తుకొచ్చినవాళ్లని తీరానికి నడిపించి తుపాకులకి, సారాకి, బట్టలకి అమ్మేవారు. ఆ బట్టల్లో మన కోరమండల్ తీరంలో నేసినవి కూడా ఉన్నాయి. నేసినవాళ్లకి అవి ఎందుకు వాడుతున్నారో ఏం తెలుసు! కొన్నవాళ్లు ఎర్రగా కాల్చిన ఇనుముతో ఒంటి మీద గుర్తు వేసేవారు, మనం పశువులకి వాత పెట్టినట్టు.

ఓడలో చోటు ఎంత?

1788లో బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు "బ్రూక్స్" అనే ఓడ బొమ్మ గీసి అందరికీ పంచారు. అందులో మగవాడికి 6 అడుగుల పొడవు, 1 అడుగు 4 అంగుళాల వెడల్పు. ఆడపిల్లకి నాలుగున్నర అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు. ఒక అడుగంటే మన జామెట్రీ బాక్సులోని స్కేలు రెండుసార్లు పెడితే అంతే. రాత్రి పడుకునేటప్పుడు కొలిచి చూడండి, పక్కకి కూడా తిరగలేం. మగవాళ్ల కాళ్లకి ఇద్దరిద్దరికి కలిపి సంకెళ్లు. అలా ఒకటి రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ బొమ్మలో 454 మంది ఉన్నారు. అంతకుముందు అదే ఓడలో 600 మందికి పైగా తీసుకెళ్లారు.

జాంగ్ ఓడ కథ

ఇది కథ కాదు, జరిగింది. 1781లో లివర్‌పూల్ వ్యాపారుల ఓడ "జాంగ్" 442 మంది బానిసలతో జమైకాకి బయలుదేరి దారి తప్పింది. నీళ్లు చాలవని చెప్పి నవంబరు 29 నుండి సుమారు 130 మందిని బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. బీమా లెక్క ఇలా ఉండేది: బానిస జబ్బుతో చనిపోతే నష్టం యజమానిదే. ఓడని కాపాడటానికి "సరుకు" పారేస్తే బీమా చేసినవాళ్లు డబ్బు కట్టాలి. యజమానులు తలకి 30 పౌన్లు అడిగారు.

1783లో లండన్ కోర్టులో జ్యూరీ యజమానుల వైపే తీర్పు చెప్పింది. జ్యూరీకి ఇది గుర్రాల్ని పారేసినట్టే అనిపించిందని పెద్ద జడ్జి మాన్స్‌ఫీల్డ్ అన్నాడు. తర్వాత మళ్లీ విచారణ జరపాలన్నాడు. కానీ హత్య కేసు ఎవరి మీదా పెట్టలేదు. వాదన అంతా డబ్బు గురించే!

చట్టాలు ఏం చెప్పాయి?

అమెరికాలోని వర్జీనియాలో 1662లో చేసిన చట్టం ప్రకారం తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే. 1669 చట్టం ప్రకారం శిక్షిస్తున్నప్పుడు బానిస చనిపోతే యజమానిది నేరం కాదు. సౌత్ కరోలినాలో 1740 చట్టం ప్రకారం బానిసకి రాయడం నేర్పినవాళ్లకి 100 పౌన్ల జరిమానా. రాయడం అంటే ఎందుకంత భయం? రాయడం వస్తే తమ మీద రాసిన లెక్క తప్పని వాళ్లే రాసేస్తారు కదా.

రాయడం నేర్చుకున్నవాళ్లు

ఒలౌడా ఈక్వియానోకి కొన్నవాళ్లు మూడు పేర్లు మార్చారు. కొత్త పేరు వద్దంటే కొట్టారు. ఆయన 1766లో తాను కూడబెట్టిన డబ్బుతో తన్ను తాను కొనుక్కున్నాడు. జాంగ్ ఓడ సంగతి గ్రాన్‌విల్ షార్ప్ అనే ఆయనకి చెప్పింది కూడా ఈయనే. 1789లో తన కథ తానే పుస్తకంగా రాసి, దాని మీద తన పాత పేరు వేసుకున్నాడు.

ఫ్రెడరిక్ డగ్లస్‌కి యజమానురాలు అక్షరాలు నేర్పుతుంటే భర్త ఆపించాడు. అయినా వీధిలో తెల్ల పిల్లలకి రొట్టె ముక్కలిచ్చి వాళ్ల దగ్గర చదువు నేర్చుకున్నాడు. 1838లో పారిపోయాడు, 1845లో పుస్తకం రాశాడు. ఆయనకి తన పుట్టినరోజు తెలియదు. మనలో చాలామంది పుట్టినతేదీ కూడా బడిలో చేరేటప్పుడు సార్లు వేసిందే. కానీ మనం అడిగితే ఏ పంటల కాలంలో పుట్టామో మన అమ్మ చెప్తుంది. ఆయన్ని చిన్నప్పుడే అమ్మ దగ్గర్నుండి తీసేశారు.

విడుదల

బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని, 1833 చట్టంతో తన వలసల్లో బానిసత్వాన్ని నిషేధించింది. అప్పుడు 2 కోట్ల పౌన్ల నష్టపరిహారం ఇచ్చింది. ఎవరికి? యజమానులకి! బానిసలకి ఒక్క పౌను కూడా లేదు. దానికోసం చేసిన అప్పు 2015లో గాని పూర్తిగా తీరలేదు. అమెరికాలో 1865లో, బ్రెజిల్‌లో 1888లో బానిసత్వం పోయింది.

ఓడల లెక్క పుస్తకాల్లో చాలామందికి పేరే లేదు, మగ, ఆడ, పిల్ల అని అంకెలే ఉన్నాయి. అందుకే ఒక మాట అడుగుతున్నాను. కొత్తగా చేరిన చెల్లెళ్ల పేర్లు మనకి పలకడం రాదని కొందరు వేరే పేరు పెట్టి పిలుస్తున్నారు. రిజిస్టర్లో కూడా ఒక్కోసారి మారిపోతాయి. అది బానిసత్వం కాదు, తెలుసు. కానీ పేరు ఇంటి దగ్గర పెట్టింది. రెండుసార్లు అడిగితే పలకడం వస్తుంది. అడుగుదాం.

— 9వ తరగతి విద్యార్థిని